మూడో గదిలో కనబడని మంట

"సంతకం పెట్టేస్తే నాలుగింటికల్లా అందరం ఇళ్లకి పోవచ్చు," అంటూ ఓంకార్ కాగితాన్ని బల్ల మీద జోగయ్య వైపు తోశాడు.

సత్యభామ గోడ గడియారం చూసింది. రెండూ ముప్పై ఐదు.

కాగితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. సోమవారం ఉదయం మూడో నంబర్ గదిలో రియాక్టర్ మూత బోల్టులు నేను సరిగా బిగించలేదు. యంత్రం నడుస్తుండగా వదిలి వెళ్లాను. లీకైన హైడ్రోజన్ అంటుకుని డాక్టర్ అశ్వత్థప్ప గారు చనిపోయారు. దీనికి పూర్తి బాధ్యత నాదే. అడుగున జోగయ్య పేరు కూడా వాళ్లే టైపు చేసిపెట్టారు. పాపం, అతనికి శ్రమ ఎందుకనుకున్నారేమో, గీత గీసే పని ఒక్కటే మిగిల్చారు.

జోగయ్య కదిరి వైపు మనిషి. ఆరేళ్లుగా హెబ్బగోడిలో ఒక్క గది అద్దెకి తీసుకుని, ఈ నీలాంగార ల్యాబ్స్‌లో ఆపరేటర్‌గా చేస్తున్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కాగితం వంక చూస్తున్నాడు గానీ దాన్ని ముట్టుకోవడం లేదు. అతని కుర్చీ వెనక నిలబడ్డ భార్య బాలమ్మకి ఆ బెదురు కూడా లేదు.

"మా ఆయన పెట్టడు సార్," అంది. "పెట్టేటోడైతే నిన్ననే పెట్టుండు. మీరు ఎన్ని కాగితాలు తెచ్చినా ఇంతే."

"చూడమ్మా," అన్నాడు ఓంకార్ ఓపికగా. "పెడితే ఇది యాక్సిడెంట్. లాయర్‌ని కంపెనీయే చూసుకుంటుంది. పెట్టకపోతే నాలుగింటికి ఎస్సై వచ్చి తీసుకెళతాడు. ఏం దాస్తున్నావని అడుగుతారు. అప్పుడిది హత్య కేసు అవుతుంది."

"అయ్యేది ఏముందప్పా, ఇది హత్యే," అంది సత్యభామ. "చేసినోడు ఈయప్ప కాదు, అంతే తేడా."

ఓంకార్ నవ్వాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టర్. ఉద్యోగం వదిలేసి బ్రూక్‌ఫీల్డ్‌లో సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ప్రమాదం జరిగిన మర్నాడు, అంటే నిన్న మంగళవారం, కంపెనీ అతన్ని పిలిపించింది. సాయంత్రానికల్లా రిపోర్ట్ రాసి పడేశాడు. అంత వేగంగా నిజం తెలుసుకునే మనిషి లోకంలో ఉంటాడంటే సత్యభామ నమ్మదు.

ఆమెకి నలభై తొమ్మిదేళ్లు. పుట్టి పెరిగింది కాటన్‌పేటలో. పదమూడేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కాలిపోయిన గోడౌన్లు తనిఖీ చేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. నిన్న సాయంత్రం ఆ బోర్డు వెతుక్కుంటూ ఈ కంపెనీ ప్రాసెస్ మేనేజర్ ప్రియాంక వచ్చింది. "జోగయ్య తప్పు లేదని ప్రూవ్ చేయండి మేడమ్. అంతే, ఇంకేమీ వద్దు," అంది. ఆ 'ఇంకేమీ వద్దు' అనే మాట సత్యభామ చెవిలో నిన్నటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది.

"ఇంకా గంటా ఇరవై ఐదు నిమిషాలుంది సత్యభామ గారూ," అన్నాడు ఓంకార్. "ప్రయత్నించండి. నేను టీ తాగుతాను."

"తాగు. చక్కెర జాస్తి వేసుకో," అని లేచింది.

మెట్ల కింద బెంచీ మీద జోగయ్యని కూర్చోబెట్టింది.

"సోమవారం పొద్దున నుంచి చెప్పు అప్పా. ఏదీ దాటేయొద్దు."

"ఆరింటికి వచ్చినాను అక్కా. మందు పట్టించి ఆరబెట్టిన బొగ్గుపొడి నూటెనభై గ్రాములు తూకమేసి కుక్కర్లో పోసినాను."

మందు అంటే వాళ్ల ఉత్ప్రేరకం. బొగ్గుని ఊరికే కాలిస్తే మిగిలేది బూడిదే. అదే బొగ్గుకి ఉత్ప్రేరకం పట్టించి, గాలి తీసేసిన ఉక్కు పాత్రలో హైడ్రోజన్ నింపి కాకబెడితే నూనె దిగుతుంది. ఆ నూనెలో బెంజీన్, టొలీన్, ఫినాల్ ఉంటాయి. రంగులకీ ప్లాస్టిక్కులకీ ఔషధాలకీ మూలసరుకు అదే. ఇక్కడి శాస్త్రవేత్త డాక్టర్ అశ్వత్థప్ప ముప్పై ఏళ్లు ఆ నూనె వెంటే తిరిగాడు. ఆ ఉక్కు పాత్రకి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గానీ జోగయ్యకి అది కుక్కర్.

"ఎనిమిదిన్నరకి మూత బిగించి, నైట్రోజన్ ఎక్కించి, కుంకుడు నురగ పూసి ప్రతి జాయింటూ చూసినాను. ఒక్క బుడగ లేయలేదు. ఆపైన హైడ్రోజన్ ఎక్కించి హీటర్ వేసినాను. పదకొండుకి నాలుగొందల ముప్పై డిగ్రీలొచ్చింది. గంటసేపు అట్లే నిలపాల."

"నిలపకుండా యాడికి పోయినావు?"

"పదకొండూ అయిదుకి ఫోనొచ్చింది. నైట్రోజన్ లారీ వచ్చిండాది, గేటుకాడికి పోయి దించుకో అని."

"ఎవరు చేసినారు?"

జోగయ్య తల దించుకున్నాడు. "ప్రియాంక మేడమ్."

సత్యభామ ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. "తిరిగి ఎన్ని గంటలకి వచ్చినావు?"

"లారీ ఎంతకీ రాక పదకొండూ యాభైకి వచ్చేసినాను. డాక్టర్ సార్ వాకిట్లో పడుండాడు. చొక్కా అంతా కాలిపోయి..." ముఖం తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. "హీటర్ ఆపి, గ్యాస్ కట్టేసినాను. సార్‌ని నా చేతులమీదనే ఆటోలో వేసుకోని పోయినాను. సాయంత్రం దాకా బతికుండె. నీ తప్పు కాదు జోగీ అని రెండుసార్లు అనె. ఆ మాట ఎవరూ రాసుకోలేదు అక్కా."

"అలారం మోగలేదా?"

"లీకైన గ్యాస్ లీకైనచోటే మండిపోతా ఉంటే, కప్పుకాడ ఉండే అలారంకి ఏం తెలుస్తాది?"

"నీ చీపురు సంగతి చెప్పు. కంపెనీ అంతా నవ్వుకుంటా ఉండాదే."

అంత దుఃఖంలోనూ జోగయ్య సిగ్గుపడ్డాడు. "హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి కనపడదక్కా. రంగుండదు, పొగ రాదు. ఒళ్లు కాలినాకే తెలిసేది. అందుకని గదిలోకి పోయేటప్పుడు చీపురు ముందుకి చాపుకోని పోతాను. మంట ఉంటే మొదట దాని కొస కాల్తాది. డాక్టర్ సారే నేర్పించింది. చూసేటోళ్లకి నేను కుక్కర్‌కి దిష్టి తీస్తా ఉన్నట్టు ఉంటాది."

"సోమవారం ఆ చీపురు యాడ ఉండింది?"

"నా లాకర్లో, తాళమేసి. బయట పెడితే బాత్రూం కడిగేకి ఎత్తుకపోతారక్కా. మూడు చీపుర్లు పోయినాయి ఇప్పటికే."

లాకర్ తెరిపించి చూసింది. కొబ్బరి ఈనెల చీపురు, నిండుగా, కొస చెదరకుండా నిలబడి ఉంది. అప్పటికి టైము మూడూ అయిదు.

మూడో గది ముందు కానిస్టేబుల్ ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. కప్పులో అద్దపు పలకలు ఉండడంతో గదినిండా ఎండ. గది మధ్య ఉక్కు బల్ల మీద కుక్కర్, ఎదురుగోడకి కిటికీ. తలుపు నుంచి కిటికీకి పోవాలంటే రెండు దారులు. బల్లకి కుడివైపు విశాలంగా ఉంది, రోజూ అందరూ నడిచేది అటే. ఎడమవైపు కుక్కర్ మూత గోడ మీదికి పొడుచుకొచ్చి ఉంది. మూతకీ బొగ్గు మసి పట్టిన గోడకీ మధ్య సందు జానెడు కంటే కాస్త ఎక్కువ ఉంటే గొప్ప. గ్యాస్ వదిలే చక్రాలూ హీటర్ స్విచ్చూ ప్రెషర్ చూపే ఇంకో మీటరూ గది బయట, వరండా గోడకి ఉన్నాయి.

ఓంకార్ రిపోర్ట్‌లోని ఫొటోలు తీసి చూసుకుంది. ఎనిమిది ఫొటోలూ గుమ్మంలో నిలబడి తీసినవే. లోపలికి ఒక్క అడుగు వేయలేదు మహానుభావుడు.

"జోగయ్యా, మూత బోల్టులు తిప్పు."

పన్నెండు బోల్టులకీ స్పానర్ పెట్టి తిప్పాడు. ఒక్కటీ కదల్లేదు. కానిస్టేబుల్ చేత కూడా తిప్పించింది. అతను పళ్లు బిగించి లాగాడు, చెయ్యి నొప్పి పుట్టింది తప్ప బోల్టు కదల్లేదు.

"వదులైన బోల్టులంట," అని గొణుక్కుంటూ సత్యభామ కుడివైపుకి వచ్చింది. కుక్కర్ నుంచి వేలెడు లావు గొట్టం ఒకటి పైకి లేచి, మనిషి ఛాతీ ఎత్తున ప్రెషర్ గేజ్‌కి చేరుతుంది. గేజ్ అద్దం పగిలి నల్లబడింది. దాన్ని మోసే ఉక్కు పట్టీ మీద ఒకచోట నీలం, ఊదా రంగులు తిరిగాయి. ఖాళీ స్టీలు గిన్నెని స్టవ్ మీద మరిచిపోతే అడుగున తిరిగే రంగే అది. కాలిన గోడౌన్లలో ఆ రంగుని ఆమె వందసార్లు చూసింది. మంట నాలుక ఎక్కడ తగిలిందో అది నోరు తెరిచి చెబుతుంది.

రంగుకి ఎదురుగా గొట్టం మీద ఉన్నది చిన్న నట్టు. దాని మూలలు తోడేసినట్టు అరిగి కొత్తగా మెరుస్తున్నాయి.

"దీన్ని నువ్వు దేంతో బిగిస్తావు?"

"రింగు స్పానర్‌తో అక్కా. మూలలు చెడిపోతే లీకవుతాదని డాక్టర్ సార్ చంపేస్తాడు." అన్నాక తను ఏమన్నాడో తెలిసి నాలిక కరుచుకున్నాడు. దగ్గరికి వంగి చూశాడు. "ఇది నా పని కాదు. స్క్రూ స్పానర్ పెట్టి ఎవరో అరచుట్టు తిప్పినారు. లోపల అంత ప్రెషర్ ఉండంగా! ఒళ్లు తెలిసినోడు చేసే పనా ఇది?"

"ఒళ్లు తెలిసే చేసినాడు. పక్కనే ఎర్రగా కాలిన హీటర్ ఉండాది. సన్నగా బయటికొచ్చిన గ్యాస్ దానికి తగిలి అంటుకున్నింది. వరండా మీటర్లో ప్రెషర్ పడిపోతా ఉంటే డాక్టర్ చూసుకోని లోపలికి పోయినాడు, ఆ మంటకి ఎదురు పోయినాడు."

జోగయ్య కోపంగా ఆ నట్టు వంక చూశాడు.

"ఈ నట్టు సంగతి ఎవరికీ చెప్పొద్దు," అంది సత్యభామ. "రిపోర్ట్‌లో మూత అనే ఉండాది. లోకమంతా మూత అనే అనుకోనీ."

గేటు దగ్గర పుస్తకం తిరగేసింది. సోమవారం నైట్రోజన్ లారీ వచ్చిన టైము పన్నెండూ ఇరవై. విజిటర్ల పేజీలో పదీ పన్నెండు మధ్య ఒక్క పేరూ లేదు. వరండా కెమెరా మూడు వారాలుగా పనిచేయడం లేదట.

ప్రియాంక మెట్ల మీద ఎదురైంది. ముప్పై ఏళ్లుంటాయి. రెండు రాత్రులుగా నిద్రలేని కళ్లు.

"పన్నెండూ ఇరవైకి వచ్చే లారీ కోసం జోగయ్యని పదకొండూ అయిదుకే పంపినావు, ఎందుకమ్మా?"

"డ్రైవర్ కాల్ చేశాడు మేడమ్, దగ్గరికి వచ్చేశానని. తర్వాత... ట్రాఫిక్ అయి ఉంటుంది."

"నన్ను పిలిపించింది నువ్వే. నాకే అబద్ధం చెప్తే ఎట్ల?"

"జోగయ్య బయటపడతాడా, లేదా?" అంది ప్రియాంక. అడగడంలో ప్రాణం అంతా పెట్టినట్టుంది. "అదొక్కటి చెప్పండి."

"నువ్వు నోరు తెరిస్తే తొందరగా పడతాడు," అని సత్యభామ పైకి నడిచింది. ఈ పిల్లని నమ్మాలో లేదో ఆమెకింకా తేలడం లేదు. అందుకే చిరాగ్గా ఉంది.

కంపెనీ యజమాని చేతన్ గదిలో బల్ల మీద గాజు సీసా ఒకటి, అద్దాల పెట్టెలో, దేవుడి గూట్లో పెట్టినట్టు పెట్టి ఉంది. నీళ్లంత తేటగా ఉంది అందులోది. రేపు గురువారం ముంబై నుంచి ఓ పెద్ద రసాయనాల కంపెనీ వాళ్లు దాన్ని చూడటానికే వస్తున్నారు.

"ఇది బొగ్గునుంచి తీసిన నూనెనా సార్?"

"అవును. మా సొంత టెక్నాలజీ," అన్నాడు చేతన్.

ఆమె పెట్టె తెరిచి, సీసా మూత తీసి వాసన చూసింది. తర్వాత సంచీలోంచి కింద ల్యాబ్‌లో తీసుకున్న చిన్న సీసా తీసింది. డాక్టర్ చేతిరాతతో తేదీ రాసి ఉంది దాని మీద. గోధుమరంగు నూనె, తారూ ఫినాయిలూ కలిసిన ఘాటు.

"డాక్టర్ తీసింది ఇట్ల ఉండాది. మీది పెయింట్ షాపులో థిన్నర్ మాదిరి వాసనొస్తా ఉండాది."

"అది ప్యూరిఫై చేసిన శాంపిల్."

"చేసే మిషన్ యాడ ఉండాది? చూస్తాను."

"బయట చేయించాం."

"డాక్టర్ దీన్ని చూసినాడా?"

చేతన్ సీసాని తన వైపు లాక్కున్నాడు. "శనివారం చూశారు. గురువారం మీటింగ్‌లో మాట్లాడతా అన్నారు. ఏం మాట్లాడేవారో నాకెలా తెలుస్తుంది?"

తెలియకపోవడమేమిటి? బజార్లో కొన్న సరుకుని బొగ్గు నూనె అని చూపిస్తున్నారని ముంబై వాళ్ల ముందు చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ల పనిని ఇలా నవ్వులపాలు చేస్తే ఏ మనిషి ఊరుకుంటాడు?

మూడున్నరకి మళ్లీ అదే బల్ల. ఈసారి ఓంకార్ సీలు వేసిన ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి అందరి ముందూ పెట్టాడు. లోపల చీపురు. కొస నల్లగా కాలి ఉంది.

"మూడో గది వెనక కాలవలో దొరికింది," అన్నాడు. "చీపురు పట్టుకుని గదిలోకి వెళ్లేది ఈ కంపెనీలో ఒక్క జోగయ్యే. అంటే మంట వచ్చినప్పుడు అతను లోపలే ఉన్నాడు. చూశాడు, పారిపోయాడు. గేటు దగ్గరున్నానన్నది అబద్ధం. ఇంకేం కావాలి మీకు?"

సత్యభామ కవరుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి పకపకా నవ్వింది. బాలమ్మ కూడా తొంగి చూసి మూతి తిప్పింది.

"ఓంకారప్పా, నువ్వు జన్మలో ఒక్కసారన్నా ఇల్లు ఊడ్చినావా?"

"ఏంటి?"

"కాటన్‌పేటలో మా నాయనది చీపుర్ల హోల్‌సేల్ అంగడి. నేను చీపురు కట్టల మీద పండుకోని చదువుకున్నదాన్ని. జోగయ్యది కొబ్బరి ఈనెల చీపురు, లాకర్లో భద్రంగా ఉండాది. ఇది గడ్డి చీపురు. మెత్తంది, టైల్స్ ఊడ్చేది. కింద మిషన్ల కాడ దీంతో ఊడిస్తే ఒక్క పొద్దుకి పీలికలైపోతాది. ఈ బిల్డింగ్‌లో ఇట్లాంటిది ఒక్క చోటే ఉండాల. పైన, మీ ఆఫీసర్ల ప్యాంట్రీలో."

"అక్కడ చీపురు లేదు సార్ సోమవారం నుంచి," అని గుమ్మంలోంచి ఆఫీసు ఆయా అంది. ఎవరూ అడగకుండానే చెప్పి, చెప్పినందుకు భయపడి వెళ్లిపోయింది.

"కాబట్టి," అంది సత్యభామ, "ఎవరో జోగయ్య విద్యని చూసి నేర్చుకున్నారు. ఆయన చీపురు దొరక్క పైనుంచి ఇది తెచ్చుకున్నారు. మంట అంటుకున్నిందా లేదా అని దీంతో చూసుకున్నారు. అంటుకున్నింది అని తెలుసుకోని, తలుపు దగ్గరగా వేసి, డాక్టర్ కోసం వదిలేసి పోయినారు. ఇది నిర్లక్ష్యం కాదు. మనిషిని చంపేకి వల వెయ్యడం."

ఓంకార్ కళ్లలో నవ్వు పోయింది. గొంతు మాత్రం మారలేదు. "కథ బాగుంది. సాక్ష్యం ఏది?"

అప్పుడే ఎస్సై హరీశ్ లోపలికి వచ్చాడు. "ఏన్ మేడమ్, సంతకం అయిందా లేదా?" అన్నాడు కన్నడ యాసలో, టోపీ తీస్తూ.

సత్యభామ అతన్ని వరండాలోకి తీసుకుపోయి రెండు నిమిషాలు చెవిలో చెప్పింది. హరీశ్ మొదట తల అడ్డంగా ఊపాడు. తర్వాత గడియారం చూసుకుని, సరే కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

అందర్నీ మూడో గది ముందుకి రమ్మంది.

"ఓంకారప్పా, నీ రిపోర్ట్ ప్రకారం తప్పు మూత బోల్టులది. అంతే కదా?"

"అంతే."

"జోగయ్య ఇప్పుడు నీ కళ్లముందరే పన్నెండు బోల్టులూ బిగిస్తాడు. హైడ్రోజన్ ఎక్కిస్తాడు, హీటర్ వేస్తాడు. మూతదే తప్పయితే ఇంక భయపడేకి ఏముంది? నువ్వు, చేతన్ సార్, ప్రియాంక ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కిటికీ దాకా పోయి, దాన్ని ముట్టుకోని రాండి. మీ రిపోర్ట్‌ని మీరు నమ్ముతా ఉండారని నాకు తెలిస్తే, ఆ కాగితం మీద జోగయ్య చేత నేనే సంతకం పెట్టిస్తాను."

"అక్కా!" అంది బాలమ్మ గుండె పట్టుకుని.

"పెడతాను," అన్నాడు జోగయ్య. రెండు రోజుల్లో అతను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. "సార్లు నడిచి వస్తే పెడతాను. నడవమనండి."

లోపల బోల్టులకి స్పానర్ పెట్టి బిగించినట్టు చేశాడు. బయటికొచ్చి గోడమీది చక్రం తిప్పాడు. హీటర్ దీపం ఎర్రగా వెలిగింది. చేతన్ పెదవులు తడుపుకున్నాడు గానీ, కాగితం మీద సంతకం పడుతుందన్న ఆశ అతన్ని ముందుకి నెట్టింది. మూతకి ఎంత దూరంగా పోగలడో అంత దూరంగా, కుడివైపు దారిలో గబగబా నడిచాడు. గేజ్ గొట్టానికి మోచెయ్యి రాసుకుపోయింది. అతను దాని వంక చూడను కూడా లేదు. కిటికీ తట్టి, అదే దారిన పరుగులాంటి నడకతో తిరిగొచ్చాడు.

"చాలా?" అన్నాడు రొప్పుతూ.

"చాలు సార్. ఓంకారప్పా, నీ వంతు."

ఓంకార్ కదల్లేదు. హరీశ్ చూస్తున్నాడు. చేతన్ చూస్తున్నాడు. బాలమ్మ చేతులు కట్టుకుని మరీ చూస్తోంది. "పిల్ల చేష్టలు," అని లోపలికి అడుగుపెట్టాడు. రెండు అడుగులు వేశాక ఆగి, కుడివైపు గాలిలోకి ఒకసారి చూశాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. మరుక్షణం ఎడమకి తిరిగి, తల వంచుకుని, మూతకీ గోడకీ మధ్య ఆ ఇరుకు సందులోకి దూరాడు. గోడని రాసుకుంటూ పోయి కిటికీ ముట్టుకుని అటునుంచే మళ్లీ వచ్చాడు. మడత చెదరని తెల్ల చొక్కా భుజం నుంచి నడుం దాకా మసి అయింది.

"అంత వెడల్పు దారుండంగా ఆ సందులో ఎందుకప్పా దూరినావు?" సత్యభామ మెల్లిగా అడిగింది.

"మనిషన్నాక భయం ఉండదా?"

"ఉంటాది. చేతన్ సార్‌కీ ఉండింది. ఆయన మూతకి భయపడి కుడిపక్క పోయినాడు. నువ్వు మూతని భుజంతో తోసుకోని పోయినావు, నీ రిపోర్ట్‌లో మనిషిని చంపిన మూతని! నీకు భయం గేజ్ గొట్టం అంటే. మంట వచ్చింది దాని నట్టు నుంచి అని నాకూ జోగయ్యకీ తప్ప ఈ బిల్డింగ్‌లో ఎవరికీ తెలీదు. నిన్న మొదటిసారి వచ్చి, గుమ్మంలో నిలబడి ఫొటోలు తీసుకోని పోయినోడివి, నీకెట్ల తెలుసు?"

ఓంకార్ ఒక్కసారి ఎర్రదీపం వంక చూశాడు.

"కుక్కర్లో గాలి తప్ప ఏమీ లేదు," అంది సత్యభామ. "జోగయ్య తిప్పింది ఖాళీ లైను చక్రం."

అతను తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. రుమాలుతో భుజం దులుపుకుని హరీశ్ వైపు తిరిగాడు. "నేను ఏ పక్క నడిచానన్నది సాక్ష్యమా? కోర్టులో చెప్పండి, నవ్వుతారు."

హరీశ్ ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "అది నిజమే మేడమ్. నడిచినందుకు కేసు రాయలేను."

"సోమవారం పొద్దున నేను బ్రూక్‌ఫీల్డ్‌లో నా ఆఫీసులో ఉన్నాను," అన్నాడు ఓంకార్ గొంతు పెంచి. "నన్నిక్కడ చూశానని చెప్పే మనిషి ఒక్కరున్నారా? ఉంటే రమ్మనండి!"

"నేనున్నాను."

ప్రియాంక. తన వంతు వచ్చినా గుమ్మం దాటకుండా గోడకి ఆనుకుని నిలబడిపోయింది ఇందాకటి నుంచీ.

"ప్రియాంకా, జాగ్రత్తగా మాట్లాడు," అన్నాడు చేతన్.

"రెండు రోజులు జాగ్రత్తగానే ఉన్నాను సార్. ఇంక నా వల్ల కాదు." ఆమె హరీశ్ ముందుకి వచ్చి నిలబడింది. "సోమవారం పదకొండింటికి చేతన్ సార్ కార్‌లో ఈయన వచ్చారు. విజిటర్ బుక్‌లో రాయొద్దన్నారు. జోగయ్యని గేటుకి పంపమన్నది చేతన్ సారే. సేఫ్టీ చెక్ అని చెప్పారు, నమ్మాను. పావుగంట తర్వాత ఈయన చీపురు కావాలన్నారు. ప్యాంట్రీ లోంచి నేనే తెచ్చి ఇచ్చాను."

"నాన్సెన్స్," అన్నాడు ఓంకార్. హరీశ్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు.

"పదకొండూ ముప్పై నాలుగుకి చీపురు తిరిగిచ్చారు. కొస కాలి ఉంది. లోపల మంట ఉందని నాకప్పుడే తెలిసింది. పారేయమంటే తీసుకెళ్లి కాలవలో పారేశాను. నాలుగు నిమిషాల తర్వాత డాక్టర్ సార్ నా పక్కనుంచే వెళ్లారు. ప్రెషర్ పడిపోతోందమ్మా, చూసొస్తాను అని నాకు చెప్పి మరీ వెళ్లారు."

జోగయ్య గోడమీది చక్రం వదిలేసి ఆమె ముందుకి వచ్చాడు. "మీరేమన్నారు మేడమ్?" అని అడిగాడు.

ప్రియాంక కళ్లు దించలేదు. "సరే సార్ అన్నాను."

బాలమ్మ వచ్చి జోగయ్య చెయ్యి పట్టుకుంది. సత్యభామకి ఇప్పుడు అర్థమైంది. ఈ పిల్ల తన దగ్గరికి వచ్చింది న్యాయం కోసం కాదు, ఆ రెండు మాటల్ని మోయలేక.

"నువ్వు చెప్పింది రాసుకుంటే నిన్నూ వదలరమ్మా," అంది.

"రాయనివ్వండి," అంది ప్రియాంక.

"రాసుకో హరీశ్," అంది సత్యభామ. "ఓంకార్, చేతన్. మూడో పేరు నన్ను పనికి పెట్టుకున్న మనిషిది."